ఘాట్ రోడ్డులో ఆగిన వైవా

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నాకు అరకులో ఉద్యోగం దొరికింది. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసినవాణ్ణి. కొండ కింద నగరంలోని ఒక విశ్వవిద్యాలయం, అరకులో ఒక సొసైటీ నడిపే చిన్న కళాశాల కలిసి దూరవిద్యలో శాంతి అధ్యయనాల ఎం.ఏ. పెట్టాయి. పాఠాలు, ప్రశ్నపత్రాలు, పట్టా విశ్వవిద్యాలయానివి. గది, కరెంటు, విద్యార్థులు కళాశాలవి. డిష్ యాంటెనా, టీవీ, కంప్యూటరు, రెండు సంస్థల మధ్య ఫోన్లు నావి. శాంతి గురించి నాకేమీ తెలియదు. తెలియాలని ఉద్యోగ నియమాల్లోనూ లేదు.

మొదట్లో గది నిండా జనం ఉండేవారు. బడి టీచర్లు, ఆరోగ్య కార్యకర్తలు, చర్చి తరఫున ఊళ్ళు తిరిగేవాళ్ళు. తర్వాత ఒక్కొక్కరే మానేశారు. బదిలీ, పెళ్ళి, మలేరియా, వేరే ఉద్యోగం. కారణం ఏదైనా నా పని ఒకటే, కంప్యూటర్లో పేరు పక్కన గీత పెట్టడం. చివరిదాకా మిగిలింది ఒకావిడ. కొండ మీది గిరిజన గ్రామం ఆవిడది. ఆశ్రమ పాఠశాలలో కాంట్రాక్టు టీచరు. పీజీ ఉన్నవాళ్ళకి పర్మినెంటు పోస్టు ఒకటి పడింది. జూన్ నెలాఖరులోగా పట్టా చూపించాలి. పరీక్షలన్నీ పాసయింది, వైవా ఒక్కటే మిగిలింది. రెండు సంస్థల ఒప్పందం మేతో ముగుస్తుంది.

విశ్వవిద్యాలయం వైవాకి చైత్రమాసంలో తేదీ వేసింది. ఆవిడ చూసి అంది:

"సార్, ఆ వారం మా ఇటుకల పండగ. మగాళ్ళు వేటకెళ్తారు. ఆడాళ్ళు రోడ్డుకి అడ్డంగా కర్ర పట్టి బండ్లు ఆపుతారు. ఏదో ఒకటి ఇస్తేనే వదుల్తారు. కింది నుంచి వైవాకి వచ్చే సార్‌కి ముందే చెప్పండి."

ఫోన్ చేశాను. విశ్వవిద్యాలయం పరీక్షల సెక్షన్లో గుమాస్తా తీశాడు.

"పండగలకి తేదీలు మార్చుకుంటూ పోతే మాకు క్యాలెండరు మిగలదండీ."

"మార్చొద్దు. దారిలో ఆడవాళ్ళు ఆపుతారు, కంగారుపడొద్దని ఎగ్జామినర్‌గారికి చెప్పండి."

"చెప్తాలెండి."

చెప్పాడో లేదో నాకిప్పటికీ తెలియదు.

ఆ రోజు బల్ల మీద గుడ్డ పరిచాను. మంచినీళ్ళ సీసా, రెండు కుర్చీలు, ఆవిడ ప్రాజెక్టు రిపోర్టు. ఫ్యాను కెపాసిటర్ మార్చాను. ఏటినీళ్ళ కోసం కొట్టుకున్న రెండు ఊళ్ళు మళ్ళీ కలిసి ఎలా తిన్నాయో ఆ రిపోర్టులో రాసింది. గంజి పెట్టిన నేత చీర కట్టుకుని, పొద్దున్నే మొదటి జీపులో వచ్చి వరండాలో కూర్చుంది.

మా అటెండరు విజయనగరం వైపు ముసలాయన. టీ పట్టుకొచ్చి అన్నాడు:

"ఏటమ్మా, శాంతి సదువుక్కూడా పరీచ్చేనా? ఎవుల్తోనూ తగువాడకుండా కూకుంటే పాసయిపోయినట్టే కదా?"

"నువ్వయితే ఫెయిలే మామా. ఇందాక టీ కొట్టోడి మీద కేకలేసింది ఎవరు?"

"ఆడు నీళ్ళపాలు పోసినాడు. తగువు కాదది, నాయం."

ఆవిడ నవ్వింది. మధ్యాహ్నమైంది. ఎవరూ రాలేదు. సాయంత్రం కావస్తుండగా విశ్వవిద్యాలయం నుంచి ఫోనొచ్చింది. ఎగ్జామినర్‌గారు క్షేమంగా ఇంటికి చేరారని, ఘాట్ రోడ్డులో అన్నలు దారి కాశారని, ఆడదళాన్ని ముందు పెట్టారని చెప్పారు. అది పండగండీ అన్నాను. అవతల పెట్టేశారు.

ఎగ్జామినర్ ఇంటి నంబరు తీసి నేనే కలిపాను. ఆవిడ మాట్లాడతానంది. రిసీవర్ ఇచ్చాను. లైన్లో ఆయన గొంతు నాక్కూడా వినపడుతూనే ఉంది.

"నమస్కారం సార్. వాళ్ళు మా పక్కూరి ఆడాళ్ళు సార్. ఏటేటా ఆపుతారు."

"అంటే ఆపుతారని మీకు ముందే తెలుసా?"

"తెలుసు సార్. అందరికీ తెలుసు."

"తెలిసీ నన్ను ఆ దారిన రమ్మన్నారా?"

ఆవిడ నా వైపు చూసింది. 

"రేపు నేనే కిందికొస్తాను సార్. కిరండోల్ ట్రైనుకొచ్చేస్తాను. ఓ పది నిమిషాలు అడగండి చాలు."

"నేను యూనివర్సిటీకి రిపోర్టు ఇచ్చేశానమ్మా" అని ఆయన పెట్టేశాడు.

ఆయన్ని తీసుకొచ్చిన టాక్సీ డ్రైవరు మరో వారానికి వేరే కిరాయికి వచ్చి, కళాశాల గేటు దగ్గర నాకు చెప్పాడు:

"నాను సెప్పినాను బాబూ, ఓ పది రూపాయలు పడేత్తే ఎల్లనిచ్చెత్తారని. ఇనుకోలేదు. అద్దాలెక్కించీసి, బేగి తిప్పు బేగి తిప్పు అని ఒకటే కేకలు. ఆడోళ్ళు నవ్వుతున్నారు. ఆ నవ్వుకే ఆయన మరీ బెదిరిపోనారు."

అరకు కేంద్రం సురక్షితం కాదన్న ఆయన రిపోర్టుతో విశ్వవిద్యాలయం ఒప్పందం పొడిగించలేదు. ప్రిన్సిపాల్ రెండు ఉత్తరాలు రాశారు. అభ్యర్థిని రిజిస్ట్రేషను ఈ కేంద్రం మీద ఉంది కాబట్టి నగరంలో వైవా పెట్టడం కుదరదని, వచ్చే ఏడు వేరే కేంద్రంలో కొత్తగా చేరవచ్చని జవాబొచ్చింది. నేను ఫైల్లో పెట్టాను. డిష్ విప్పి, నట్లూ బోల్టులూ ఒక డబ్బాలో, కేబులు ఒక చుట్టగా కట్టాను. పని చేస్తున్నంతసేపూ నాకేమీ అనిపించలేదు. అనిపించాల్సిందని కూడా అప్పుడు తోచలేదు.

జూన్‌లో మార్కుల జాబితా వచ్చింది. కబురు పెడితే ఆవిడ వచ్చింది. పై నుంచి కిందికి చదివి, వైవా గడి దగ్గర వేలు పెట్టింది.

"నేను రాలేదని ఉందేటి సార్?"

"సాఫ్ట్‌వేర్‌లో ఆ గడికి రెండే ఉంటాయి. మార్కులు, లేకపోతే గైర్హాజరు. ఎగ్జామినర్ రాకపోతే వెయ్యడానికి ఏమీ పెట్టలేదు."

"పొద్దుట్నుంచీ ఈ వరండాలోనే ఉన్నాను కదా."

"అవును."

"పోస్టుకి ఇది పెడితే తీసుకుంటారా?"

"తీసుకోరు."

ఆవిడ కాగితం నా చేతిలో పెట్టింది.

"జెరాక్సు తియ్యండి సార్. పెడతాను."

తీసిచ్చాను. తీసుకోలేదు వాళ్ళు. నేను అరకు వదిలేనాటికి ఆవిడ అదే బడిలో, అదే కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతోంది.