వేదాద్రి రేవులో నేను కాపాడిన పడవ

మునిగిపోతున్న పడవని కాపాడిన ఆడపిల్లని మీరెప్పుడైనా చూశారా? చూడండి, మీ ఎదురుగానే కూర్చుని టీ తాగుతున్నా. నేను కాపాడకుండా ఉండుంటే ఆ పడవ నిక్షేపంగా ఉండేది, అది వేరే సంగతి.

మా దేవసహాయం మావయ్యకి సరుకు పడవ ఉంది. మావయ్యా, రాహేలత్తయ్యా కాపురం చేసేది అందులోనే. జగ్గయ్యపేట సున్నపురాయి వేసుకుని వేదాద్రి దగ్గర కృష్ణలో బయల్దేరతారు. సీతానగరం లాకులు దాటి, కాలవ పట్టుకుని పెదగంజాం చేరి, అక్కణ్ణించి సముద్రం పక్కనే సాగే ఉప్పుకాలవలో తీరం వెంట తిరుగుతారు. నందిగామలో పుట్టి పెరిగిన నాకు సముద్రమంటే జాగ్రఫీ పుస్తకంలో నీలం రంగు. ఈ సెలవుల్లో పడవెక్కి దాన్ని చూసి తీరాలని పట్టుబట్టా.

"పడవలో ఆడపిల్ల ఏం చేస్తుంది?" అన్నారు మా నాన్నగారు. ఆడది ఏ పనికైనా తగునని కాలేజీ డిబేటులో వాదించి కప్పు తెచ్చిన మనిషితోనా ఈ మాట! దంచేశా. ఆయన పేపరు మడిచి, "మీ మావయ్య పనికొస్తావంటే వెళ్ళు. కాదంటే తిరుగు బస్సే" అన్నారు. న్యాయమూర్తులంతా ఇంతే, పాయింట్లు వినరు.

మావయ్య ఉత్తరంలో రాసిన షరతు ఇంకా చిన్నది. "పడవ మీద బతుకంటే రెండే పనులు సుశీలా. పడవని చూసుకోవాలి, ఒంటిని చూసుకోవాలి. కాలవలో వడ్రంగీ దొరకడు, డాక్టరూ దొరకడు."

ఇంతేనా! అనుకున్నా.

బస్సు దిగి, బండెక్కి, ట్రంకుపెట్టెతో వేదాద్రి రేవుకి చేరేసరికి ఏముంది? ఒడ్డు పక్కన పడవ అంచుల దాకా నీళ్ళతో నిండి ఉంది! చాపలు, పొయ్యి, బియ్యం బస్తా, అత్తయ్య కుండలు అన్నీ ఒడ్డున కుప్పగా పడున్నాయి. మావయ్యా లేడు, అత్తయ్యా లేదు. పాపం, సామాను మాత్రం దక్కించుకుని, సాయం కోసం పరిగెత్తి ఉంటారు! వచ్చీ రాగానే పడవని చూసుకునే అదృష్టం పట్టింది నాకు.

రేవులో వీరులపాడు నుంచి స్వామి దర్శనానికి వచ్చిన రైతులున్నారు. ఎడ్లని విప్పి, బండ్లని చక్రాల మేరకు ఏట్లోకి దింపి, తీరిగ్గా చుట్టలు కాల్చుకుంటున్నారు. నాకు ఒళ్ళు మండింది. ట్రంకుపెట్టె మీదకెక్కా.

"అయ్యలారా! మా మావయ్య కుటుంబం ఇల్లు మీ కళ్ళముందు మునుగుతోంది! చుట్టలు కాల్చుకుంటూ చూడ్డమేనా మన నాగరికత?"

నా గొంతు సంగతి మీకు తెలుసుగా. చుట్టలు రాలిపడ్డాయి. బిందెలు, బక్కెట్లు, చివరికి అభిషేకానికి తెచ్చిన చెంబులు కూడా కదిలాయి. నేను నడుందాకా నీళ్ళలో దిగి తోడడం మొదలెట్టా.

పక్కన బండమీద బట్టలుతుకుతున్న సూరమ్మ అనే ముసలమ్మ, "ఓ పిల్లా, ఆ నీళ్ళు..." అంది.

"మధ్యలో మాట్లాడకూడదు పెద్దమ్మా! మీ వంతు వస్తుంది, అప్పుడు చెబుదురుగాని."

కాసేపాగి మళ్ళీ, "అది కాదమ్మా, మీ మావ..."

"పెద్దమ్మా! ఇది పని వేళ!"

"సరే కానీ. నాకూ పొద్దు పోతుంది" అని వక్కాకు నోట్లో వేసుకుని ఇటు తిరిగి కూచుంది.

నడుం విరిగింది. అరచేతులు బొబ్బలెక్కాయి. కానీ పడవ లేచిందండీ! ఎండలో అడుగు దాకా పొడిగా తుడిచి, గర్వంగా నిలబడ్డా. సరిగ్గా అప్పుడొచ్చాడు మావయ్య, సరుకు బండ్లు పురమాయించుకుని. వెనకాలే అత్తయ్య, ఉప్పూ చింతపండూ కొనుక్కుని.

మావయ్య పడవని చూశాడు. నన్ను చూశాడు.

"ఎవరు చేశారిది?"

"నేనే మావయ్యా!" అంటూ బొబ్బలు చూపించా, సాక్ష్యంగా.

మావయ్య పక్కనే ఆయాసపడుతున్న రైతు వైపు తిరిగి, "అయ్యా, తమరి బండి చక్రాలు ఏట్లోకి ఎందుకు దింపారు?" అనడిగాడు.

"ఎండకి కొయ్య ఎండి పట్టాలు వదులయినయ్యండి. నానితే ఉబ్బి బిగుసుకుంటయ్యి."

"మరి నా పడవేమన్నా ఇనపదాండీ?"

కాలవలకి నీళ్ళు కట్టేసిన వేసవంతా ఒడ్డున ఎండి పలకలు విచ్చుకున్న పడవట. సందుల్లో నార కూరి, గుగ్గిలం పట్టించి, పలకలు ఉబ్బాలని మావయ్యే బిందెలతో నీళ్ళు నింపి నానేశాడట. రైతులు చెంబులు తీసుకుని, "పూజకి వేళైంది" అంటూ ఒక్కొక్కరే జారుకున్నారు.

సూరమ్మ ఉమ్మేసి అడిగింది: "ఇప్పుడు నా వంతు వచ్చిందా అమ్మా?"

మళ్ళీ నానెయ్యడానికి వ్యవధి లేదు, సరుకు దారిలో ఉంది. నేను తలొంచుకుని ట్రంకుపెట్టె ఎత్తుకుని బస్సు దారి పట్టా.

"ఎక్కడికే?" అన్నాడు మావయ్య.

"పనికిరాననేగా..."

"ఎవరన్నారు? నానని పడవకి దారి పొడుగునా నీళ్ళు తోడే మనిషి కావాలి. నీ అంత ఇష్టంగా తోడేవాళ్ళు నాకెక్కడ దొరుకుతారు? ఎక్కు."

ఎక్కా. తోడా. సీతానగరం లాకుల్లో తోడా, కాలవ పొడుగునా తోడా. పలకలు తీరిగ్గా, దర్జాగా ఒక్కొక్కటే ఉబ్బాయి. నా చేతులు మాత్రం మొదటి రోజే ఉబ్బాయి. పొద్దుటే అత్తయ్య నా నడుముకి నువ్వులనూనె మర్దించేది, మావయ్య పక్కనే పలకల సందులకి గుగ్గిలం పట్టించేవాడు. "రెండిట్లో ఏది ముందు బాగుపడుతుందో చూద్దాం" అనేవాడు. పడవే గెలిచింది.

చివరికి పెదగంజాం దాటాక, పడవ గూడు మీద నుంచి అత్తయ్య కేకేసింది, "ఒసే సుశీలా, బక్కెట్టు అవతల పడేసి రావే! అదుగో సముద్రం!"

పాక్కుంటూ పైకెక్కా. ఇసకదిబ్బల అవతల, చూపు ఆనినంత మేరా నీళ్ళు. కప్పు గెలిచిన దాన్ని కదా, ఏదో గొప్ప మాట అంటానని ఇద్దరూ నా మొహంలోకి చూస్తున్నారు.

నా నోట్లోంచి వచ్చింది ఒక్కటే: "అమ్మో, ఇన్ని నీళ్ళూ ఎవరు తోడాలి!"