ఆలోచించే విమానాలు

ఎనభైల మొదట్లో చికాగోలో వీడియో ఆటల పెట్టెలు తయారుచేసే చిన్న కంపెనీలో మార్లీన్ కోవాచ్ ప్రోగ్రాములు రాసేది. "ఆటలో ఆ శత్రు విమానాలకి కాస్త బుర్ర పెట్టు మార్లీన్!" అని యజమాని డ్వేన్ రోజూ ఆమె ప్రాణం తోడేవాడు. ఆమె పెట్టింది. విమానాలు తూటా వచ్చే దారి కనిపెట్టి తప్పుకున్నాయి, చుట్టూ తిరిగొచ్చి కాల్చాయి. డ్వేన్ ఆడిన ప్రతిసారీ చిటికెలో చచ్చాడు.

"ఛీ! వీటికి బొత్తిగా తెలివి లేదు," అంటూ పెట్టెను తన్నాడు.

మార్లీన్ నవ్వు ఆపుకుని, విమానాలు తప్పుకునే ముందు కాసేపు ఆగేలా మార్చింది. ఈసారి డ్వేన్ అన్నింటినీ వరసగా కూల్చేశాడు.

"చూశావా, నన్ను ఓడించడానికి ఎంత ఆలోచిస్తున్నాయో! తెలివంటే ఇదీ!" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

ఆ తర్వాత ఏ కంపెనీలో చేరినా, శత్రువులకి బుర్ర పెట్టే ముందు మార్లీన్ యజమాని ఆడుతుంటే ఒకసారి చూసి వచ్చేది.