తువ్వాలు కింద ధర

మా ముందు గదిలో అద్దెకుంటున్న అమ్మాయి ఏదో సర్కారు ఉద్యోగం పరీక్షకు చదువుతోంది. పైకి చదివితే గాని దానికి తలకెక్కదు. మొన్న పొద్దున నేను వసారాలో కూర్చుని చింతపండు పిక్క తీస్తుంటే, "బ్రిటిష్ పాలన నుంచి అమెరికా వలస ప్రజలు స్వాతంత్ర్యం కోరడానికి గల కారణాలు" అని మొదలుపెట్టి, ఒకటోది, రెండోది అంటూ గోడకు అప్పజెబుతోంది. నేను కూర్చున్న చోటినుంచే అరిచాను, "అన్ని కారణాలెందుకే, వాళ్ళను ఒక్కమాట అడక్కుండా పన్నులేశారు, అది రాసెయ్ చాలు" అని. అది తలుపులోంచి తొంగి చూసి, "మామ్మగారూ, అమెరికా సంగతి మీకెట్టా తెలుసండీ?" అంది. తెలియకేం, ఆ అమెరికా గొడవే మా సంసారాన్ని ముంచింది. పరీక్షకు చదువుకునే పిల్లకు ఈ ఏడుపంతా ఎందుకని దానికి చెప్పలేదు. మీకు చెబుతాను.

నేను పలక పట్టింది పిల్లల తల్లినయ్యాక. ఎనభైల్లో, పర్చూరు దగ్గర మా ఊరి బడి వసారాలో సాయంత్రం పూట పెద్దవాళ్ళకు చదువు చెప్పేవారు. మేష్టారు పౌరోహిత్యం చేసుకునే ఇంటి మనిషి. గట్టిగా దగ్గితే పడిపోయేట్టు ఉండేవారు గాని, గొంతు మాత్రం గుడి గంటే. మిరపకాయ కోతల రోజుల్లో మా వేళ్ళు మండుతూ ఉండేవి. ఆ చేత్తో బలపం పట్టి, మరిచిపోయి కళ్ళు తుడుచుకున్నామా, ఇక ఆ పూటకు చదువు అయిపోయినట్టే. అందుకని కోతలు నడిచినన్నాళ్ళు ఆయన రాయించడం మాని కథలు చెప్పేవారు. మా ఆయన చదువుకు రాలేదు. "ముసలెద్దుకు కొత్త నడకలేందే" అని నన్ను ఎగతాళి చేసేవాడు. కానీ నన్ను ఇంటికి తీసుకుపోయే వంకతో వచ్చి, మెట్ల మీద కూర్చుని, చుట్ట కాలుస్తూ కథలన్నీ వినేవాడు. మాకు అక్షరాలొచ్చాయి, ఆయనకు కథలు పట్టుకున్నాయి. ఈ రెంటిలో ఏది ప్రమాదమో అప్పుడెవరికి తెలుసు.

అమెరికా కథ అట్లా వచ్చిందే. సముద్రానికి అవతల ఇంగ్లండు రాజు, ఇవతల నేల దున్నుకునే జనం. వాళ్ళ కాగితాల మీద, టీ ఆకు మీద పన్నులేస్తూ చట్టాలు చేసే సభ అవతలే ఉంది. ఆ సభలో ఇవతలి మనిషి ఒక్కడైనా లేడు. "పన్ను ఎక్కువని కాదమ్మా వాళ్ళ బాధ. మా మనిషి లేని చోట మా సంగతి ఎట్లా తేలుస్తారని" అన్నారు మేష్టారు. అర్జీలు పెట్టుకున్నారట, విన్నవాడు లేడు. చివరికి టీ పెట్టెలతో వచ్చిన ఓడలెక్కి, ఆ పెట్టెలన్నీ సముద్రంలో పారబోశారట. రాజు మండిపడి రేవు మూయించాడు, సైన్యాన్ని దింపాడు. అది యుద్ధమై, వీళ్ళు గెలిచి, ఎవరి కిందా ఉండని జనం అయ్యారట. పొగాకు కాల్చే బారెన్ల దగ్గర ఆకు రకాలుగా ఏరే మా పక్కింటి వదిన, "ఆళ్ళు పండించేదేందండీ?" అనడిగింది. పొగాకేనన్నారు మేష్టారు. "మరి ఆకు కొట్టేది ఆ దొరలేనా?" అంది. మేష్టారి గంట గొంతు కాస్త తగ్గింది. "కాదమ్మా. చాలాచోట్ల కొనుక్కొచ్చిన బానిసలు" అన్నారు. "స్వాతంత్ర్యమొచ్చాక ఆళ్ళను వదిలారా?" "లేదమ్మా. ఇంకా చాలా ఏళ్ళు పట్టింది." మా ఆయన ఆ ముక్క వినలేదు. ఆరిపోయిన చుట్టకు నిప్పు వెతుక్కుంటున్నాడు. వెలిగించాక అన్నాడు, "అయ్యగారూ, మన మిర్చి కొట్లో జరిగేదీ ఇదే గదండీ!"

అప్పట్లో బేరం ఎట్లా జరిగేదో ఇప్పటివాళ్ళకు చెబితే నమ్మరు. రైతు బస్తాలు తెచ్చి కమీషన్ కొట్లో దింపుతాడు. కొనేవాడొచ్చి కాయ విరిచి, వాసన చూసి, తుమ్ముతాడు. తరువాత వాడూ, కొట్టు షావుకారూ చేతులు కలిపి, పైన ఒక తువ్వాలు కప్పుకుంటారు. ఆ గుడ్డ కింద వేళ్ళు పట్టుకుని నొక్కితే అది ధర. ఈ వేలు పట్టుకుంటే ఇంత, ఆ వేలు మడిస్తే అంత. నోరు తెరవరు. విత్తింది, నీళ్ళు పెట్టింది, కల్లంలో ఎండబెట్టింది మేము. మా కాయ ధర కట్టే వేళకు మేము ఎదురుగా నిలబడి, గుడ్డ కదలడం చూడాలి. పెళ్ళిలో తెర అయినా కాసేపటికి తీస్తారు, ఇది తీసేదే లేదు.

ఆ ఏడు కాయ బాగా పండింది. కౌలు చేను, అయినా ఎర్రగా, పెళుసుగా, గలగలలాడే కాయ. అది అమ్ముడైతేనే మళ్ళీ ఏటికి ఆ చేను మాకుంటుంది, లేకపోతే చేను గలాయన వేరేవాళ్ళకు ఇచ్చేస్తాడు. కొట్లో తువ్వాలు కప్పగానే మా ఆయన వెళ్ళి దాన్ని లాగేశాడు. "నా కాయ గదయ్యా, ధర నా ఎదురుగా నోటితో చెప్పండి" అన్నాడు. వీధంతా ఒక్క క్షణం తుమ్మడం మరిచిపోయింది. షావుకారు కోప్పడలేదు, కోప్పడినా బాగుండేది. నవ్వి, "అట్టాగే బావా, నీ కాయ నువ్వే కొనుక్కో" అన్నాడు. అంతే. ఆ వీధిలో మళ్ళీ ఏ కొట్టువాడూ మా బస్తా దించనివ్వలేదు. "కరెక్టే చేశావురా" అని చాటుగా భుజం తట్టిన తోటి రైతులు, తమ వంతు వచ్చినప్పుడు తువ్వాలు వంక చూస్తూ బుద్ధిగా నిలబడ్డారు. మేష్టారు చెప్పిన కథలో ఊరంతా ఒక మాట మీద నిలిచింది. ఆ భాగం మా ఊరికి రాలేదు.

బస్తాలు తిరిగి ఇంటికొచ్చాయి. వానలు పట్టాయి. మంచం కింద, పొయ్యి పక్కన, ఎక్కడ చూసినా గోనెలే. దగ్గకుండా అన్నం తిన్న రోజు లేదు. కాయ రంగు దిగి, తెల్లబడి, తాలుగా మారుతుంటే ఆయన బస్తా విప్పి చూసి మళ్ళీ కుట్టేవాడు. ఒకరోజు బండి కట్టి, "చీరాలలో కొనేవాడున్నాడు, ఎక్కవే" అన్నాడు. సంబరంగా బస్తాల మీదెక్కి కూర్చున్నాను. చీరాల వచ్చింది, దాటింది. "ఏందయ్యో, బజారు అటుగదా?" అంటే ఎద్దుల్ని ఇంకా అదిలించాడు. వాడరేవు దగ్గర సముద్రపు ఇసుకలో ఎద్దులు ఆగిపోయాక దిగి, బస్తాలు ఒక్కొక్కటే భుజానికెత్తుకుని, మోకాటి లోతు నీళ్ళలో విప్పి గుమ్మరించాడు. చేపలు ఎండేసుకునే ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. "ఓరి నీ అమ్మ కడుపు కాలా! సముద్రానికి కారం తక్కువైందంటరా?" అని ఒకటే నవ్వు. నవ్వుతూనే గంపలు పట్టి, ఒడ్డుకు కొట్టుకొచ్చిన కాయలు ఏరుకున్నారు. మేష్టారి కథలో టీ పోయిందని ఆ ఇంగ్లండు రాజు ఉలిక్కిపడ్డాడు. మా కాయ పోయిందని ఉలిక్కిపడటానికి అక్కడ ఏ షావుకారూ లేడు. అయినా ఆ అమెరికావాళ్ళు పారబోసింది పరాయివాళ్ళ సరుకు. మావాడు పారబోసింది మాది.

ఆయన ఒగరుస్తూ వచ్చి ఇసుకలో కూలబడ్డాడు. "తెలియాలి, నా కొడుకులకు తెలియాలి" అంటున్నాడు. నేను అడిగాను, "ఈ కాయ కోసింది నేను. నన్నడిగావా?" ఆయన నిజంగానే అర్థంకానట్టు నా ముఖంలోకి చూశాడు. "నిన్నడిగేదేందే?" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. ఎద్దు మాట్లాడితే ఎట్లా ఆశ్చర్యపోతాడో, అట్లా ఆశ్చర్యపోయాడంతే.

చేను పోయింది. ఆ తరువాత ఇద్దరం పక్క ఊళ్ళకు కూలికి వెళ్ళాం. ఆయన మళ్ళీ బడి మెట్లెక్కలేదు, ఎవరినీ ఏమీ అడగనూ లేదు, కోతల్లో వంగిన తల వంగినట్టే ఉండి, ఒక వేసవిలో పోయాడు. నేను ఇంకా ఉన్నాను. పిల్లల్ని పెంచాను, పళ్ళు ఊడాయి, కళ్ళు మసకబారాయి. ఇన్నేళ్ళలో ఒక్క ఏడాదైనా నన్ను అడిగి వచ్చింది లేదు, నాతో చెప్పి పోయింది లేదు.