నేను పట్టించిన దొంగ వెంచర్

ఒక మనిషి ఏడు అర్జీలు పెట్టి, అధికారిని వెంటబెట్టుకొచ్చి మరీ తనను తానే పట్టించగలడా? గలడు. ఎలాగో చెబుతాను, నవ్వండి. ఎవరు ఎక్కువ నవ్వారో మాత్రం నేను గుర్తుపెట్టుకుంటాను.

మా వీధి బుక్కరాయసముద్రం దాటాక వస్తుంది. దానికి ఎగువన ఓబుళపతి అనే ఆయన పొలం కొని వెంచర్ వేశాడు. ఆ ఏడు, ఎన్నడూ లేనిది, కుండపోత వాన! అతని ప్లాట్ల నీళ్ళన్నీ నేరుగా మా నట్టింట్లోకి వచ్చాయి. అడగబోతే టీ కొట్టు దగ్గర అందరి ముందూ, "ఏమప్పా, అంత ఇబ్బందైతే పడవ కొనుక్కోరాదా?" అన్నాడు. అనంతపురంలో నాకు పడవ! ఆ పూట అతను వేసుకున్న చొక్కా రంగు కూడా నాకు ఇప్పటికీ గుర్తే.

వెంచర్ వేసినవాళ్ళు పంచాయతీకి డెవలప్‌మెంట్ చార్జీలు కట్టాలట, ఆ సొమ్ముతోనే రోడ్లూ కాలువలూ వేస్తారట. ఇంకేం! మా వీధికి కాలువ రాలేదంటే అతను కట్టలేదన్నమాటే. "దొంగ వెంచర్‌పై చర్య తీసుకోవాలి" అని అర్జీల మీద అర్జీలు పెట్టాను. ఏడోదానికి అధికారి కదిలారు. పెళ్ళివారికి ఎదురెళ్ళినట్టు ఎదురెళ్ళాను.

"రండి సార్, ఆ వెంచర్‌కు మా చేను మీదుగా పోతే దగ్గర!"

చేను మధ్యలో ఆయన ఆగారు. "ఈ రాళ్ళేంటివి?"

"మావే సార్! తాడిపత్రి బండలు. సున్నం కొట్టి నంబర్లేసింది కూడా నేనే," అన్నాను ఛాతీ విరిచి. "మా నాయన చేను. వానల్లేక శనక్కాయ పండలేదు, ఇరవై ప్లాట్లు చేసి అమ్మినా."

"అనుమతి?"

"మా చేనుకు మా అనుమతి చాలదా సార్?"

"చార్జీలు కట్టినారా?"

"అవి వెంచరోళ్ళకు గదా సార్! మేము రైతులం."

అంతలో ఓబుళపతి రసీదు పట్టుకుని వచ్చాడు. "నేను పోయినేడే కట్టినా సార్."

"తెలుసప్పా," అన్నారు అధికారి. "నీ దుడ్లతోనే ఈ గట్టు దాకా కాలువ తవ్వినాము. ఈడ నుంచి వీధి దాకా తవ్వాలంటే ఈ రాళ్ళు పాతినోళ్ళు కట్టాల. ఎవరని అడిగితే ఊర్లో ఒక్కరూ నోరిప్పలేదు." నా వైపు తిరిగారు. "మీరొక్కరే ధైర్యంగా చెప్పినారు."

గట్టు దాకా కాలువ ఉండటం నేనూ చూశాను. నీళ్ళు నా మీదికి తోలడానికే అతను తవ్వించాడనుకున్నాను! తీరా చూస్తే, నా ఇంటిని ముంచింది నేనే.

చార్జీలు కట్టాను, జరిమానా కట్టాను. కాలువ వచ్చింది. "అన్న పట్టుబట్టకపోతే ఇది వచ్చేదే కాదు," అని ఓబుళపతి ఊరంతా చాటాడు. అది మెచ్చుకోలని కొందరంటారు. నేను నమ్మను.

అందుకే మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఏ అధికారినీ మా చేను మీదుగా తీసుకుపోను. ఎంత ఎండ కాసినా, ఎంత దూరమైనా, చుట్టూ తిప్పి రోడ్డు మీదుగానే తీసుకుపోతాను.