కొర్రమీను తోలు, కుచ్చుల దారం

గాలం కర్రకు కూడా సింగారం ఉంటుందని పెళ్ళయిన చాలా ఏళ్ళకు గానీ నాకు తెలియలేదు. మా ఆయనకు చేపల పిచ్చి. ఆదివారం వచ్చిందంటే దేవనహళ్ళి అవతల ఏదో ఒక చెరువు గట్టున తేలతాడు. కర్రలు కొనడు, భాగాలు తెప్పించి ఇంట్లోనే తయారుచేస్తాడు. కర్ర పొడవునా గాలం దారం దూరడానికి చిన్న రింగులు ఉంటాయి. వాటి కాళ్ళమీద సన్నటి దారం చుట్టి బిగించి, పైన గాజులా గట్టిపడే రెసిన్ పూయాలి. ఆయన చుట్టిన చుట్లు చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఒకచోట దారం మీద దారం ఎక్కేది, ఒకచోట కర్ర బయటపడేది. నేను చీర కొంగులకు కుచ్చులు కట్టేదాన్ని. మా పేటలో పెళ్ళి చీర అంటే నా చేతిమీదుగా పోవలసిందే. దారం అంత అవస్థ పడుతుంటే చూస్తూ కూర్చోవడం నావల్ల అవుతుందా?

ఒక సాయంత్రం ఆయన మిద్దె మీదనుంచి ఒక తోలుముక్క తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. తన జన్మలో పట్టిన అన్నిటికన్నా పెద్ద కొర్రమీను చర్మం అది. చేపను కూర చేసుకుని తిన్నాం. చర్మాన్ని మాత్రం ఆయన గీకి, తంగేడు చెక్క కషాయంలో నానబెట్టి, నీడలో ఆరబెట్టాడు. ఆ వాసనకు పైన అద్దెకున్నవాళ్ళు పొద్దస్తమానం ఊదుబత్తులు వెలిగించారు పాపం. విదేశాల్లో కర్రలకు పాము తోలు చుడతారని ఆయన ఊరించినప్పుడు, "మనం చుడితే జైల్లో కూచోని గాలం వెయ్యాల. చేప తోలు చాలప్పా" అని వెక్కిరించింది నేనే. ఆరిన తోలును వెలుతురు దగ్గర పెట్టి చూశాను. పొలుసు ఊడిన ప్రతిచోటా చిన్న మడత, ఇటుక రంగు మీద నల్లటి మచ్చలు. ఎంత బాగుందో! ఉన్నది ఆ ఒక్క ముక్కే. చెడిపోతే మళ్ళీ అలాంటి చేప పడాలి.

"దీన్ని పిడిపైన నువ్వు అంటించు. అంచులకు దారం నేను చుడతా" అన్నాను.

"సుమ్మనుండే, ఊరుకో. చీర కాదు ఇది."

"బాగా వస్తే ఈ కర్ర నాది. నన్నూ చెరువుకాడికి పిల్చుకోని పోవాల."

ఎప్పుడు అడిగినా, ఆడవాళ్ళెవరూ రారని దాటేసేవాడు. ఈసారి మాత్రం నవ్వి, "చెడిపోతే?" అన్నాడు.

"మళ్ళా చెరువు మాటెత్తను."

అనేశాను గానీ, నాకు నిజంగానే పోవాలని ఉంది. చేప లాగితే ఎలా ఉంటుందో ఆయన చెప్పగా వినడమే గానీ నా చేతికి తెలియదు.

ఒప్పుకుని ఆయన తోలును పిడికి అంటించాడు. అట్టపెట్టె అంచులకు గాట్లు కోసి కర్రను వాటిలో ఆనించాడు. "ముడి మాత్రం వెయ్యొద్దు, బుడిపె తేలతాది" అన్నాడు. ముళ్ళు వేసి బతికేదానికి ముడి వద్దంటే ఎలా? కానీ ఆ ఉపాయం చూసి మురిసిపోయాను. మొదటి కొసను చుట్ల కిందే తొక్కిపెట్టాలి. చివరి కొసను ఇంకో దారపు ఉచ్చులో పెట్టి లాగితే అదీ చుట్ల కిందకు దూరి మాయమవుతుంది. మొదటిసారి అలా మాయమైనప్పుడు పట్టలేక చప్పట్లు కొట్టాను. నెమలికంఠం నీలం, పసుపు, నా దగ్గరున్న పట్టుదారాలే. గోటితో ఒక్కొక్క చుట్టునూ జరిపి సందు లేకుండా పేర్చాను. ఆయన వంగి ఒక్కొక్క చుట్టూ చూసి రెసిన్ సీసా మూత తీశాడు, అదే పెద్ద మెప్పు.

కర్రను నిదానంగా తిప్పే చిన్న మోటారుకు బిగించి ఆయన కుంచెతో రెసిన్ పూశాడు. పూసిన కాసేపటికే అది తోలు అంచు దగ్గర చేమాకు మీది నీళ్ళలా జరిగిపోయి గుంటలు గుంటలుగా విడిపోయింది.

"ఏం పూసినావే దీనికి?"

"నేనేం పూస్తా? నీ రెసిన్‌లోనే ఏదో ఉండాది!"

అరిచేసి నా వేళ్ళు చూసుకున్నాను. మెరుస్తున్నాయి. పట్టుదారం రేగకుండా వేళ్ళకొసలకు కొబ్బరినూనె అద్దుకోవడం కుచ్చులు కట్టేవాళ్ళందరికీ అలవాటు. నూనెగిన్నె నా మోకాలి పక్కనే ఉంది. చెయ్యి ఎప్పుడు అటు పోయిందో నాకే తెలియదు. ఏడుపొచ్చింది.

"నూనె" అన్నాను.

తిడతాడనుకున్నాను. "గట్టిపడకముందే తుడవాల! స్పిరిట్ తే, బేగ!" అని గుడ్డకోసం పరిగెత్తాడు. ఇద్దరం కలిసి తుడిచాం. చుట్లన్నీ తీసేయాలి, అంచులో కొన్ని తోలు మీదే ఉన్నాయి. బ్లేడు జారితే అంతే. నేను ఊపిరి బిగబట్టి సూదితో దారం పైకి లేపుతుంటే ఆయన తెంచాడు. తోలుకు గీత పడలేదు. సీకాయతో చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, మళ్ళీ మొదటినుంచి చుట్టాను. ఈసారి రెసిన్ ఎక్కడిదక్కడ నిలిచింది. నీలం ముదిరింది, పసుపు వెలిగింది, తోలు ఇప్పుడే నీళ్ళలోంచి తీసినట్టు తడితడిగా మెరిసింది. కర్ర తిరుగుతుంటే ఇద్దరం నేలమీద చతికిలబడి నోరు తెరుచుకుని చూశాం.

అసలు తగాదా తర్వాతే వచ్చింది. ఆయనకు దాన్ని వదలబుద్ధి కాలేదు.

"ఇది నేను పెట్టుకుంటా. నీకు ఇంకోటి చేసిస్తా. మొదట చెడింది గదా?"

"చెడింది, బాగైంది. ఇప్పుడెట్లుండాదో చూసి మాట్లాడప్పా!"

చూశాడు. గొణిగాడు. ఆదివారం తెల్లవారగానే బండి వెనక నేను, నా భుజాన నా కర్ర.

గట్టు మీద అందరూ మగవాళ్ళే. నేను విసిరిన మొదటి గాలం కంపచెట్టుకు తగులుకుంది. ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వుకోనీ. మరోసారి విసిరాను. ఎండ ఎక్కుతుండగా కర్ర కొస ఒక్కసారిగా వంగింది. మా ఆయన ఒక్క గంతులో వచ్చి నా చేతులమీద చేతులేశాడు.

"ఇటియ్యి, తప్పిపోతాది!"

"ముట్టుకున్నావంటే చూడు!"

చెరువంతా వినబడింది. బుద్ధి తెలిసినప్పటినుంచి దారాన్ని లాగింది నేను. అవతలి కొసనుంచి ప్రాణమున్నదేదో నన్ను లాగడం అదే మొదలు. అరచేతుల్లోంచి మోచేతులదాకా జివ్వుమంది. దాన్ని ఇంకొకరి చేతికి ఎలా ఇస్తాను? ఆయన నా ముఖంలోకి చూసి చేతులు తీసేశాడు. నేను రీలు తిప్పడం మొదలుపెట్టాను.