గోనె తెరకు అటుపక్క మా మామ

మద్యనిషేధం ఉన్న రోజుల్లో మదనపల్లెలో రాగులు ఆడించే ఒక మిషను వెనక రహస్యంగా ఒక బారు నడిచేది. చేతిలో రాగుల సంచి ఉంటేనే ప్రవేశం. సంచి మిషను దగ్గర దించి, పిండి మూటల సందులోంచి లోపలికి దూరితే ఒక చల్లటి గది. బెంగళూరు క్లబ్బులో ముప్పై ఏళ్లు పనిచేసి వచ్చిన పెద్దాయన అక్కడ దొరల కాలంనాటి డ్రింకులు కలిపేవాడు. జిన్నులో నిమ్మరసం, చక్కెర పాకం పోసి ఐసుతో గిలక్కొట్టే గిమ్లెట్ కోసం నేను పుంగనూరులో బస్సెక్కి వెళ్లాను. నా స్నేహితులు నాకు చెప్పకుండా అప్పటికే మూడుసార్లు వెళ్లొచ్చారు. ఆ సంగతి వాళ్లకు ఇప్పటికీ గుర్తు చేస్తుంటాను.

మా వైపు మామ ముందు అల్లుడు, అల్లుడి ముందు మామ గ్లాసు పట్టుకోరు. అందుకని పెద్దాయన ఒక ఏర్పాటు చేసుకున్నాడు. వరసైనవాళ్లు ఇద్దరు ఒకేసారి వస్తే గది మధ్యలో గోనెసంచులు కుట్టిన తెర దించేస్తాడు. తెర దిగితే ఎవరూ ఎవరినీ చూడనట్టే. ఆ మధ్యాహ్నం నా గ్లాసు సగమైందో లేదో, మూటల సందులోంచి మా మామ దగ్గు వినపడింది. కుప్పం నుంచి టమాటాలు అమ్మడానికి మార్కెట్టుకు వచ్చాడట. పెద్దాయన గబుక్కున తాడు వదిలాడు. తెర మీది రాగిపిండి నా గిమ్లెట్లో రాలింది. అయినా బాగుంది.

మా మామ మీద నాకు ఏడేళ్ల కోపం. నా పెళ్లిలో నాకంటే ముందు పెళ్లి బస్సు డ్రైవరుకు భోజనానికి ఆకు వేయించాడు. ఎన్నిసార్లు అడిగినా తప్పు ఒప్పుకోలేదు. రెండో గ్లాసు లోపలికి పోగానే ఆ రోజు ఒప్పించి తీరాలనిపించింది.

"పెద్దాయనా, ఆ పక్కనుండే ఆయప్పను అడుగు. పెండ్లికొడుకును పస్తు కూసోబెట్టి డ్రైవరుకు యాల పెట్టినాడంట?"

పెద్దాయన తెర వైపు తిరిగి, క్లబ్బులో దొరలకు విన్నవించినట్టు ఆ మాట అప్పజెప్పాడు.

"రాత్రికి బస్సు పోకుంటే సోమల నుంచొచ్చిన సుట్టాలంతా యాడ పండుకోవల్ల? పెండ్లికొడుకు యాడికీ పోడు గదా, ఆడనే ఉంటాడు. సెప్పు ఆయప్పకు," అన్నాడు మామ అటునుంచి.

"ఆయన ఏమంటాండాడంటే..." అని పెద్దాయన మొదలుపెట్టాడు.

"ఇనపడిందిలే. నా వంతు వచ్చేసరికి పాయసం అయిపోయిందని సెప్పు."

అటుపక్క గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది.

"పాయసం అయిపోయిందా? ఆకు సంగతి నూరుసార్లు సెప్పినాడు, ఇది ఒక్కసారీ సెప్పలేదే!"

"పాయసం కోసం ఏడిసినాడంటారని సెప్పలేదు," అన్నాను, పెద్దాయనను మరిచిపోయి.

"అయ్యో, పాయసం లేని పెండ్లికొడుకా! తప్పు నాదేనని సెప్పు పెద్దాయనా. ముమ్మాటికీ నాదే."

గదిలో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. నేను బెంచీ ఎక్కి గంతులేశాను. ఎవరో నన్ను పట్టుకుని దించారు.

"ఈ మాటే మా ఇంటికొచ్చి ఆయన కూతురు ముందర సెప్పమను!" అని అరిచాను.

"సెప్తాలేప్పా. ముందు యాడ ఒప్పుకున్నానో ఆయప్పను సెప్పమను."

తెర ఊగిపోయేలా నవ్వాడు మామ. నాకూ ఎక్కిళ్లొచ్చేంత నవ్వు. ఏడేళ్లు పోరాడి గెలిచాను, ఇంట్లో ఒక్కరికీ చెప్పుకోలేను!

అయినా నేను వదిలే మనిషిని కాను. మరుసటి నెల మామ పుంగనూరు వచ్చినప్పుడు నా భార్య ముందే మళ్లీ అడిగాను.

"నేనేం తప్పు సేసినానప్పా? బస్సు పోవల్ల గదా!" అన్నాడు, కన్నార్పకుండా.

మరుక్షణం ఆయన వీధి గుమ్మంలోంచి, నేను పెరటి గుమ్మంలోంచి, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తాం.