మంచం దిగిన కాలు

జమ్మలమడుగు దాటాక తారు రోడ్డు అయిపోయింది. పొద్దున ఏడింటికి ఊరి బడి ముందు మా లారీలు ఆగాయి. ఎన్నికల బందోబస్తు, నెల రోజులు. ఊళ్లో రెండు పార్టీలు, వీధి మధ్యలో ఇసుక బస్తాల వెనక మేము. మాది కేంద్ర బలగాల కంపెనీ, నేను దాని మెడికల్ జవానుని. మైదుకూరు వాణ్ణి కాబట్టి తెలుగు వచ్చినవాణ్ణీ నేనే. కట్లు కట్టడం, తగాదాలకు తర్జుమా చేయడం రెండూ నా నెత్తినే పడ్డాయి. ఎండకు హెల్మెట్ లోపల బుర్ర ఉడికేది.

మూడో రోజు ఓబులమ్మ అనే ఆమె వచ్చింది. "మా ఆయన కాలు ఎండిపోతాంది సార్. ఒకసారి చూడప్పా."

కమాండర్‌కి రేడియోలో చెప్పాను.

"ఏ పార్టీ వాడు?"

"తెలియదు సార్. కాలుందట, కండ లేదట."

"వెళ్లు. హెల్మెట్ తీయకు. ఓవర్."

ఆమె మొగుడు నాగన్న మేకలు కాసేవాడు. కొట్లాటలో తొడ మీద కొడవలి వేటు పడింది. ప్రొద్దుటూరు డాక్టరు కుట్లు విప్పి, ఇక నడవమన్నాడు. నాగన్న నడవలేదు. ఎదుటి పార్టీ మీద హత్యాయత్నం కేసు నడుస్తోంది. దెబ్బ తిన్న సాక్షే లేచి తిరిగితే కేసు వీగిపోతుందని నాగన్న పార్టీ పెద్దాయన భయం. వాయిదాకి మంచంతోనే మోసుకుపోవాలని హుకుం. అందుకు ఇంటికి గింజలు పంపేవాడు. ఆరు నెలలుగా నాగన్న పడుకునే ఉన్నాడు. ఒక తొడ నా తొడంత ఉంది, రెండోది కట్టెపుల్ల. నాకు ఒళ్లు మండింది.

"మేకను కోసినప్పుడు తొడ కండ చూసినావా?" అన్నాను.

"చూడకుండానా! పోగులు పోగులుగా ఉంటాది."

"నీదీ అంతే. చారల కండ, ఎముకను పట్టుకోని ఉంటాది. పేగుల్లో కండ వేరే. నున్నగా ఉంటాది, చారలుండవు. నువ్వు చెప్పినా చెప్పకపోయినా కూడు అరగదీస్తాది. గుండె కండకు చారలుండాయి గానీ అదీ నీ మాట వినదు, దానికి సెలవే లేదు. ఈ మూడింట్లో నువ్వు చెప్పినట్టు చేసేది ఈ తొడ కండ ఒక్కటే. నువ్వు చెప్పడం మానుకున్యావు."

"సచ్చిపోయిందా సార్?"

"లేదు. పోగులు సన్నబడినాయి, అంతే. పని పెడితే మళ్లా లావైతాయి."

నాగన్న ఆ తొడ తడుముకున్నాడు. "నా మాట వినేది అదొక్కటే. దాన్నీ పెద్దాయనకే రాసిచ్చినా" అన్నాడు.

ఆ రోజే మొదలుపెట్టాం. మోకాలి కింద మడత దుప్పటి, దాన్ని అదిమి తొడ బిగించాలి. తర్వాత మేజోడులో ఇసుక నింపి చీలమండకు కట్టి, కాలు ఎత్తించాను. నన్ను తిట్టేవాడు, మళ్లీ ఎత్తేవాడు. పెద్దాయన మనిషి ఒకడు గుమ్మంలోకి వచ్చాడు. "ఏంది సార్, మా కేసు చెడగొడ్తాండావు?"

"మచ్చ ఉంది, డాక్టరు కాగితముంది. కాలు గూడా కావాల్నా?"

వాయిదా రోజు జీపు వచ్చింది. నలుగురు మంచం ఎత్తబోయారు. నాగన్న కర్ర అందుకుని లేచాడు.

"పడుకో నాగన్నా. లేస్తే రేపట్నుంచి గింజలు రావు!" అన్నాడు పెద్దాయన మనిషి.

"రాకుంటే పాయె మామా. నేను నడిచే వస్తా."

ఓబులమ్మ గట్టిగా అరిచింది. "మాకు మేకలుండాయి! మీ గింజలు మీరే తినండి!"

తెలుగు రాని మా రేడియో ఆపరేటర్ కంగారుపడ్డాడు. "కంట్రోల్, వీధిలో కదలిక." ఇసుక బస్తాల మీంచి తొంగి చూశాడు. "ఒక మనిషి నడుస్తున్నాడు. అంతే. ఓవర్."

కేసు ఏమైందో నాకు తెలియదు. ఎన్నికలయ్యాక మమ్మల్ని పులివెందుల పంపారు, అక్కడి నుంచి ఉత్తరాదికి. సర్వీసు ముగించుకుని మైదుకూరు వచ్చేశాను. ఎన్నో గాయాలు చూశాను, చాలావరకు మర్చిపోయాను. ఇది మాత్రం పోదు: నాగన్న పంచె ఎగ్గట్టి గడప మీద నిలబడ్డాడు, మచ్చ కింద సన్నటి కండ గడగడా వణికింది, వణుకుతూనే బిగుసుకుని మనిషిని నిలబెట్టింది.